దాచిన కత్తెర

మానసిక ఆసుపత్రి నుంచి వచ్చిన దర్జీ మళ్ళీ కొట్టు తెరిచాడు. ఇంట్లోవాళ్ళు అందరికీ పచ్చకామెర్లని చెప్పారు. కామెర్లకైతే పరువు పోదు మరి.

"పథ్యం మానకు బాబాయ్!" అంటూ పక్కింటి కుర్రాడు చొక్కా గుడ్డ బల్ల మీద పరిచాడు. దర్జీ కత్తెర కోసం చెయ్యి చాపాడు. లేదు.

"సాన పట్టడానికిచ్చాం" అంది భార్య, తల ఎత్తకుండా. దర్జీకి విషయం అర్థమై చెవులు వేడెక్కాయి.

కుర్రాడు వెళ్ళాక అడిగాడు. "ఎక్కడ దాచావే?"

"బియ్యం డబ్బాలో."

"తీసుకురా. కోసేది గుడ్డనేలే, నన్ను కాదు."

ఆమె నవ్వలేదు. కత్తెరకంటిన బియ్యం దులిపి, పిడి ఆయన వైపు తిప్పి ఇచ్చింది. లోపలికి వెళ్ళబోతుంటే, ఆయన తల దించుకుని అన్నాడు.

"ఇది కత్తిరించేదాకా ఇక్కడే కూర్చో."