పెదనాన్న కారు ఏసీ, అక్క అప్పగింతలు

ఆ కాలంలో చల్లదనమంటే మాకు తెలిసింది కుండలో నీళ్లు, కిటికీకి కట్టి తడిపిన వట్టివేళ్ల తడికలు. కారులో అద్దాలు బిగించుకుని, బయట ఎండను పూచికపుల్లలా తీసిపారేస్తూ వెళ్లడమనేది ఎక్కడో పెద్దవాళ్లు చేసే పని. అలాంటి రోజుల్లో, పర్చూరు దగ్గర పల్లెలో మిరప వేసే మా పెదనాన్నకు ఏసీ ఉన్న అంబాసిడర్ ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నమ్మకపోవడంలో కొంత న్యాయమూ ఉంది, ఎందుకంటే ఆ ఏసీ పనిచేసేది కాదు. ఆ బండిని అంతకుముందు వాడినవాళ్లెవరో డాష్‌బోర్డు కింద బిగించుకున్న నల్ల డబ్బా అది. మీట తిప్పితే గాలి వచ్చేది, చలవ రాదు. పెదనాన్న అద్దాలు దించుకుని, దాన్నే సన్నగా తిరిగే ఫ్యానుగా వాడుకుంటూ, గుంటూరు మిర్చి యార్డులో మచ్చుకు చూపించే మిరపకాయల గోతాలను ఆ డబ్బా కిందే పడేసుకుని దర్జాగా తిరిగేవాడు. (ఈ గోతాల సంగతి కాస్త గుర్తుంచుకోండి.)

పెదనాన్న కూతురికి, అంటే మా అక్కకు, చీరాల సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు తల్లి బడిలో హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ మాట్లాడుతుంటే పెద్దవాళ్లు కూడా తెలియకుండానే చేతులు కట్టుకునేవాళ్లు. తాంబూలాలు పుచ్చుకునే రోజున ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "వైశాఖంలో పెళ్లి అన్నయ్యగారూ. మావాడికి ఎండ పడదు. పిల్లలిద్దర్నీ ఏసీ కారులో పంపిస్తారుగా?" అంది. పెదనాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఇంట్లో ఉండేదే ఏసీ కారు చెల్లెమ్మా!" అనేశాడు. పక్కనున్న పెద్దమ్మ తమలపాకుల పళ్లెం చాటున నెత్తి కొట్టుకుంది.

అప్పుడు నేను గుంటూరులో ఒక దినపత్రికలో కొత్తగా చేరి ఉన్నాను. ఏసీలు ఎలా పనిచేస్తాయో చెప్పే చిన్న వ్యాసం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. అందులో సగం నాకే అర్థం కాలేదు. కానీ అది అచ్చయ్యాక మా వాళ్ల దృష్టిలో నేను ఏసీల ఇంజనీరునైపోయాను. అందుకని కారును గుంటూరు తీసుకెళ్లి బాగుచేయించే భారం నామీద పడింది. పెదనాన్నా వెంట వచ్చాడు. మేస్త్రీ బెల్టు మార్చాడు, గొట్టాలు బిగించాడు, గ్యాసు ఎక్కించాడు. ఆ తర్వాత డబ్బా వైపు చూసి, "దీన్ని కూడా విప్పి కడగమంటారా అండీ?" అన్నాడు.

"విప్పితే మళ్లీ బిగించగలవా?" అన్నాడు పెదనాన్న.

"చూద్దామండీ."

"చూద్దామంటే కుదరదయ్యా. ముహూర్తం నెత్తిమీదుంది. దాన్ని ముట్టుకోబాక."

నేను కూడా గంభీరంగా తలూపి, "ఏసీకి ప్రాణం గ్యాసే పెదనాన్నా, డబ్బాదేముంది" అన్నాను. కారు తలుపులన్నీ బార్లా తెరిచి, మీటను చిన్నగా తిప్పి పరీక్ష చేశాం. వేళ్లకు చల్లగా తగిలింది. పెదనాన్న నా వీపు మీద చరిచిన చరుపు నాకింకా గుర్తుంది.

పెళ్లి బాగా జరిగింది. ఎటొచ్చీ అప్పగింతల దగ్గరే చిక్కొచ్చింది. "చీరాల ఎంత దూరమని? దానికి ఏడుపెందుకు? నేను ఏడవను" అని అక్క ముందునుంచే అంటోంది. అన్నట్టే ఏడవలేదు. పెద్దమ్మ మోచేత్తో పొడుస్తూ, "కాస్త ముక్కన్నా చీదవే, వాళ్లేమనుకుంటారు!" అని గొణిగింది. అది చూసి హెడ్‌మిస్ట్రెస్‌గారు, "పిల్లది గట్టి గుండే" అంది. ఆ మాట మెచ్చుకోలులా వినపడలేదు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఇంత జరుగుతుంటే పెదనాన్న ఎక్కడున్నాడంటారా? కారు ముందు. అక్క వచ్చి కాళ్లకు దండం పెడుతుంటే, ఆయన బానెట్‌లోకి వంగి, "బెల్టు మోత వింటున్నావురా? సన్నగా ఉండాలి, సన్నగా" అని నాకు చెబుతున్నాడు. చేత్తో అక్క తలమీద అక్షింతలు వేశాడు గానీ, చూపు మాత్రం బెల్టు మీదే ఉంది.

నేనే డ్రైవర్ని. వెనక సీట్లో మధ్యన అక్క, అటు బావ, ఇటు అత్తగారు. ఊరు దాటగానే అద్దాలన్నీ ఎక్కించి మీట తిప్పాను. చల్లగాలి వచ్చింది! బావ, "అబ్బ!" అన్నాడు. నాకు గుంటూరు జిల్లా మొత్తం గెలిచినట్టుంది.

"ఇంకాస్త పెంచు బాబూ" అంది అత్తగారు. "ఫుల్లు పెట్టెయ్."

పెట్టేశాను.

ఎన్ని కాపుల మిరపకాయల ధూళి ఆ డబ్బా పీల్చి దాచుకుందో, అదంతా ఒక్కసారిగా తుఫానులా మామీద పడింది. ముందు బావ తుమ్మాడు. తర్వాత నేను తుమ్ముతూనే బండిని పక్కకు లాగాను. కళ్లు తెరుద్దామంటే మంట, ఊపిరి పీలుద్దామంటే దగ్గు. అద్దం దించే పిడి ఎక్కడుందో చేతికి దొరకదు. అత్తగారు కళ్లజోడు తీసేసి, "అమ్మాయ్... అమ్మాయ్..." అంటూ ఆధారం కోసం అక్కను గట్టిగా పట్టుకుంది. అక్క ఆవిడ భుజం మీద తల పెట్టి భోరుమంది. సరిగ్గా అప్పుడే వెనక వస్తున్న పెళ్లి బస్సు మా పక్కన ఆగింది. కిటికీల్లోంచి జనం చూశారు. అత్తాకోడళ్లు ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తున్నారు, పెళ్లికొడుకు ఉత్తరీయంతో కళ్లు తుడుచుకుంటున్నాడు, పెళ్లికూతురి తమ్ముడు స్టీరింగు మీద తలపెట్టి కుమిలిపోతున్నాడు.

"ఒరేయ్, దిగి చూడండ్రా! అత్తగారంటే ఈవిడరా!" అని ఎవరో పెద్దాయన అరిచాడు. హెడ్‌మిస్ట్రెస్‌గారు ఏదో చెప్పబోయి, ఆ మాట విని ఆగిపోయింది. మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, కొంగుతో ముందు అక్క మొహం తుడిచి, తర్వాత తన మొహం తుడుచుకుంది. అసలు కారణం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మేమెందుకు చెబుతాం, ఒక్క పెదనాన్నకు తప్ప?

తలుపులు తీసి గాలి పీల్చుకున్నాక అందరికీ నిమ్మళించింది, అక్కకు తప్ప. వెక్కుతూనే ఉంది. "ఘాటు పోయిందిగా అక్కా?" అన్నాను. "నాన్న నా మొహం చూడనేలేదురా" అంది. పరువు పోయిన ఏసీల ఇంజనీరులా మీట కట్టేశాను. ఆ తర్వాత ఆ కారులో మళ్లీ ఎవరూ దాని జోలికి పోలేదు.

మొన్నామధ్య పెదనాన్న కారును కొత్తప్పుడు ఉన్నట్టు చేయించాలని ముచ్చటపడి, ఆ డబ్బాను తీయించేశాడు. అక్క కూడా చీరాల నుంచి వచ్చింది. మెకానిక్ డబ్బాను గచ్చు మీద బోర్లించి తట్టగానే, రంగు వెలిసిన ధూళి కుప్పగా రాలింది. అక్క కడుపు పట్టుకుని నవ్వుతోంది. పెదనాన్న మాత్రం ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చుని, తలెత్తి అక్క మొహం వైపు చాలాసేపు చూశాడు. చూసి కళ్లొత్తుకున్నాడు.

"ఇంకా ఘాటుందిరా" అన్నాడు నాతో.

రంగు వెలిసిన మిరపలో ఘాటుండదని నాకు చెప్పింది ఆయనే. నేనూ వంగి వాసన చూశాను. ఉత్త మట్టివాసన. ఏసీకి ప్రాణం గ్యాసేనని తీర్పు చెప్పిన ఆనాటి ఇంజనీరైతే ఆ సంగతి అక్కడే తేల్చి చెప్పేవాడు.

"అవును పెదనాన్నా, బాగా ఉంది" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.