దుప్పటి అడిగిన బరువు

ఇనుము పనిలో ఎవరూ "ఎట్లుంది?" అని అడగరు. "ఎంత తూగుతుంది?" అంటారు. ఆదోనిలో నేను పనిచేసే వర్క్‌షాపుకు ఎవరొచ్చినా, జిన్నింగు మిల్లు పైపుకు వచ్చినా ఇంటి గేటుకు వచ్చినా, ముందు కిలోలే అడుగుతారు. గేటు అందంగా వస్తుందని నేను చెప్పబోతే నా వంక జాలిగా చూస్తారు.

ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి నేను. లెక్కలకూ నాకూ మాటల్లేవు. అలాంటివాణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, గీసిన ప్రతి బొమ్మ మీదా బరువు రాయమన్నాడు మా ఓనరు. పొడవు, వెడల్పు, మందం గుణించాలి. మధ్యలో ఉన్న చిల్లులు తీసేయాలి. సగం బొమ్మల్లో ఆ చిల్లులు మరిచిపోయేవాణ్ణి.

"నువ్వు గాలిని గుడక తూకమేసి అమ్మేటట్టుండావప్పా" అనేవాడు ఓనరు.

ఆ మాటలు పడలేక ఫోనులో వీడియోలు చూసి చూసి ఒక ఉపాయం పట్టాను. వస్తువును దేనితో చేస్తామో కంప్యూటరుకు చెప్పాలి. బొమ్మ కింద మూలన, పేరు రాసే చోట, ఒక గడిని ఆ వస్తువుకు ముడివేయాలి. అంతే, బరువు దానంతటదే వచ్చి ఆ గడిలో కూర్చుంటుంది. చిల్లు పెడితే తగ్గుతుంది, పూడిస్తే పెరుగుతుంది. ఇనుమని చెప్పడం మరిచిపోతే మాత్రం వస్తువును నీళ్లతో చేశారనుకొని లెక్క వేస్తుంది. కుళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసలో పెట్టుకునే ఊళ్లో నీళ్లతో గేట్లు గీసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా అక్కను ఎమ్మిగనూరులో ఇచ్చారు. బావ దుప్పట్లు నేస్తాడు. సాహుకారు నూలు ఇస్తాడు, ఈయన నేసి గుడ్డ ఇస్తాడు. ఒక ఆదివారం నేను పోయేసరికి మగ్గం చప్పుడు లేదు. బావ మగ్గం గుంత అంచున కూర్చొని ఉన్నాడు. అక్క అతని ఎడమ భుజానికి నొప్పి మందు రుద్దుతోంది.

"ఏం బావా, కుస్తీకి పోయినావా?"

"ఊఁ, మీ అక్కతో."

"గెలిచిందెవురు?"

"కనపల్లేదా?" అంది అక్క, చెయ్యి ఆపకుండా.

నాడె అటునుంచి ఇటు పోయి ఒక పోగు వదిలిన ప్రతిసారీ, పైనుంచి వేలాడే బరువైన కొయ్య పలకను ఎడమచేత్తో ముందుకు లాగి, ఆ పోగును కొట్టి బిగించాలి. పోగుకొక దెబ్బ. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే పని. ఇన్నేళ్ల దెబ్బలన్నీ వచ్చి ఆ భుజంలో చేరాయి. బరువు లాగడం మానకపోతే కొన్నాళ్లకు చొక్కా తొడగడానికి కూడా చెయ్యి లేవదని డాక్టరు చెప్పాడట. మగ్గం మానేస్తే బావకు ఇంకో పని రాదు. వచ్చినా అతనికి అక్కర్లేదు.

"బరువు తగ్గితే సాలు గదా? నేను తగ్గిస్తా" అన్నాను.

"ముందు నీ పొట్ట తగ్గించుకో పో."

అలా అంటూనే బావ నవ్వుతూ టేపు రెండో కొన పట్టుకున్నాడు. పలకను మూల మూలా కొలిచాను. మరునాడు అన్నం తినే వేళ వర్క్‌షాపులో దాన్ని గీసి, టేకు అని చెప్పాను. మూలన తొమ్మిది కిలోలు దాటి చూపింది. కొయ్య తీసి అల్యూమినియం పైపు పెట్టాను. నాడె పరుగెత్తే చోట మాత్రం సన్నటి చెక్క ఉంచాను. అవసరం లేదనిపించిన చోటల్లా చిల్లులు పొడిచాను. మౌసు నొక్కిన ప్రతిసారీ మూలన అంకె దిగుతోంది. నాలుగు కిలోల దగ్గర ఆగింది. బడిలో నా మార్కులు తప్ప నేను తగ్గించిన మొదటి అంకె అదే.

మా ఓనరు పాత పైపులు తీసుకోమన్నాడు. "మీ బావతో నాకొక దుప్పటి నేయించు" అన్నాడు.

పలక బిగించిన రోజు బావ దాన్ని ఒకసారి లాగి, వదిలి, మళ్లీ లాగాడు.

"దూదిని లాగినట్టుండాది రా!"

ఆ వేగం చూసి అక్క వాకిట్లోంచి లోపలికి వచ్చింది. "మెల్లగ, మెల్లగ! మగ్గం ఆదోనికి పోతాది" అంది. ఆ పూట ఉగ్గాని, బజ్జీ చేసి నాకు రెండోసారి అడగకుండానే పెట్టింది. మా అక్క అలా పెట్టడం చాలా అరుదు.

పది దుప్పట్లు కాగానే బావ, నేను వాటిని సాహుకారు దగ్గరికి తీసుకుపోయాము. ఆయన ఒకటి విప్పి వాకిలి వెలుతురుకు పట్టాడు. అవతల వీధిలో పోయే ఆటో గుడ్డలోంచి కనబడింది. కసురుకుంటాడనుకున్నాను. కసురుకోలేదు.

"నువ్వు ఇట్ల నేసినావంటే నేను నమ్మనప్పా. పానం బాగలేదా?" అన్నాడు.

బావ దుప్పటి మడతపెట్టాడు. దారిలో, "మనం నేసేది దుప్పటి రా బామ్మర్ది, దోమతెర గాదు" అన్నాడు.

తేలిక పలక తేలికగానే కొట్టింది. పోగు బిగవలేదు. బిగవాలని బావ ఒక్కో పోగుకు రెండు దెబ్బలు వేశాడు. భుజానికి ఒక పెద్ద దెబ్బయినా, రెండు చిన్న దెబ్బలైనా ఒకటేనట. మళ్లీ నొప్పి మందు బయటికి వచ్చింది.

సరే, కొంచెం బరువు పెంచుదామన్నాను. పలక వెనక ఒక ఇనుప పట్టీ గీసి బిగించాను. మూలన ఐదు చూపింది. బావ నేసి, గుడ్డను వెలుతురుకు పట్టి, "సాలదు" అని ఫోను చేశాడు. మందం పట్టీ వేశాను, ఆరు. సాలదు. ఇంకొకటి వేశాను. నేను లెక్క తప్పడానికి ఎక్కడా వీలు లేదు, గుణకారమంతా కంప్యూటరుదే. ఏ చిల్లులను అంత సంబరంగా పొడిచానో వాటిని ఒక్కొక్కటే పూడుస్తూ వచ్చాను. మూలన అంకె ఎనిమిదిన్నర కిలోలు దాటాక బావ ఫోను చేశాడు.

"ఇప్పుడు పడ్తాంది దెబ్బ. గుడ్డ బాగొచ్చింది."

"చెయ్యి?"

"గుడ్డ బాగొచ్చింది అంటాన్నా గదా."

మళ్లీ అతనే అన్నాడు: "దుప్పటేమో ఇంత బరువు గావాలంటాది. చెయ్యేమో వద్దంటాది. నేను ఎవురి మాట వినాల? నీ కంప్యూటర్ని అడిగి సెప్పు."

ఆ నెలలోనే మగ్గం విప్పారు. గుంత మీద బండ పరిచి అక్క దానిపైన బియ్యం డబ్బా పెట్టింది. మా ఓనరు ఎవరితోనో మాట్లాడి బావకు ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు గేటు దగ్గర వాచ్‌మెన్ పని ఇప్పించాడు. కూర్చొని చేసే పని, భుజానికి ఊరట, అన్నారందరూ. నేనూ అన్నాను.

మొదటి రోజు బావను చూడడానికి పోయాను. ఖాకీ చొక్కాలోకి ఎడమ చెయ్యి సగమే దూరింది. మిగతా సగం నేను తొడిగాను. అప్పుడే పత్తి లారీ వచ్చి హారన్ కొట్టింది. చక్రాల మీద పక్కకు తోసే పెద్ద గేటు అది. గీసింది నేనే. బావ రెండు చేతులూ దానికి ఆనించి తోయబోయి, ఎడమది దించేశాడు.

"ఎంత తూగుతాది రా ఇది?"

బొమ్మ మూలన ఉన్న అంకె నాకు కళ్ల ముందే ఉంది.

"నీళ్లతో చేసింది బావా" అన్నాను.

"అట్లయితే నువ్వే తోయి."

తోశాను. లారీ లోపలికి పోయింది, గేటు మూశాను. ఆ మిల్లు గేటు తెల్లవారకముందే తీయాలి. మా వర్క్‌షాపు తెరిచేది పొద్దెక్కాక. అంతలోపల నేనొచ్చి తోసి పోవచ్చు.