చివరి బంతి నుంచి

నిన్న ఫోనులో కొత్తగా వచ్చిన, ఆరోగ్య సలహాలు చెప్పే గొంతును తెరిచి, నా కూతురు ఫోనును నా నోటి దగ్గర పెట్టింది. "దూపయితంది బిడ్డా, ఎన్ని నీళ్లు తాగినా ఆగుతలేదు" అన్నాను. అది తియ్యని గొంతుతో పూజకు ఏ ధూపం మంచిదో చెప్పుకొచ్చింది. కూతురు పడీపడీ నవ్వింది. నాకు సలోమి మేడం గుర్తొచ్చి నవ్వు రాలేదు. దాహాన్ని మేము దూప అంటాం. అట్లాంటి మా మాటలు మిషన్లకు నేర్పాలనే ఆమె అంత కొట్లాడింది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే కూతురు రాస్తోంది. మా ఆయన పోయాక జూలూరుపాడు వదిలి, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న సర్కారు కాలేజీ హాస్టల్లో వంటకు కుదిరాను. మేడం ఆ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. కొత్తలో, క్రిస్మస్ విందు నాడు, కూర గిన్నెతో ముందు బంతిలో కూర్చున్న సార్ల వైపు పోతుంటే నా చెయ్యి పట్టి ఆపింది.

"నర్సక్కా, ఆ చివర నుంచి రా."

"సార్లు ఏమన్న అనుకుంటరు మేడం."

"అనుకోనీ. ముందున్నోళ్లకు గిన్నె ఎట్లయినా అందుతది. చివరోళ్లకే అడుగు పులుసు మిగులుతది."

యంత్రాలకు మనిషి మాట నేర్పే పరిశోధనకు సర్కారు డబ్బిస్తుందని తెలిసి మేడం ఊళ్లు పట్టుకుని తిరిగింది. ముసలోళ్ల ముందు కూర్చుని, వాళ్ల మాటలు ఫోనులో పట్టింది. తోడుగా నేనూ పోయేదాన్ని. చివరికి నగరంలో ఆ డబ్బు పంచే కమిటీని కలిసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గడప మీద కూలబడింది.

"మీకు పెద్ద కంప్యూటర్ మిషన్లు లేవు, డబ్బు తీసుకొని ఏం జేస్తరన్నరక్కా."

"మిషన్లు కొననీకే గద అడిగింది?"

"నేనూ అదే అన్న. మిషన్లున్న పెద్ద కాలేజీకే ఇచ్చిండ్రు. కమిటీల సగం మంది ఆ కాలేజీ సార్లే."

"అంటే వడ్డించేటోళ్లే ముందు బంతిల కూసున్నరా?"

అంత బాధలోనూ ఆమె ఫక్కున నవ్వింది.

తర్వాత ఆ పెద్ద కాలేజీ సారు ఒకాయన కారులో వచ్చాడు. "మీరు పట్టిన మాటలు మాకివ్వండి, మిషన్‌కు మేమే నేర్పుతాం" అన్నాడు. ఏ మాట ముందు నేర్పాలో చెప్పడానికి ఈ ఊళ్ల మనిషిని ఒక్కరినైనా పక్కన కూర్చోబెట్టుకుంటారా అని మేడం అడిగింది. అది కుదరదన్నాడు. ఆమె ఇవ్వనంది. కారు పోయాక వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"తప్పు చేసిన్నా నర్సక్కా?"

"ఇచ్చుంటే మిషన్‌కు దూప అన్న మాటన్న తెలిసేది గద మేడం."

ఆమె ఆగిపోయింది. "తెలిసేది. రేపు ఇంకో మాటకు మళ్ల వాళ్ల గుమ్మం కాడనే నిలబడాలె."

కమిటీని మళ్లీ అడిగింది, మళ్లీ లేదన్నారు. అడుగుతుండగానే జబ్బు చేసి పోయింది. ఆ రోజు ఆమె చేసింది ఒప్పో తప్పో నాకిప్పటికీ తేలదు. నిన్న ఫోను ధూపం గురించి చెప్పినప్పటి నుంచి మరీ కుదురు లేదు.

ఈ రోజు హాస్టల్‌కు తనిఖీ సార్లు వచ్చి, అన్నాల వేళ పిల్లలతో పాటు ముందు బంతిలో కూర్చున్నారు. నీళ్ల జగ్గుతో వాళ్లను దాటిపోతుంటే ఒకాయన పిలిచాడు, "అమ్మా, ఇటు."

"వస్త సార్, ఆ చివర నుంచి."

చివరి బంతిలో గోడవారన కూర్చున్న పిల్ల ముందు వంగాను. "దూపయితందా బిడ్డా?"

ఆ పిల్ల గ్లాసు చాచింది.