వ్యానుకు సాంబ్రాణి ధూపం

మా భజన మండలి వ్యానుకు ఇంజను డ్రైవర్ సీటు కింద ఉండేది. అంటే నేను ఎప్పుడూ ఇంజను మీదే కూర్చునేదాన్ని. చలికాలంలో హాయిగా ఉండేది, ఎండాకాలంలో పెనం మీద దోసెలా ఉండేది. ఆ వ్యాను నడపడమే నా సేవ. కొందరు గుడి ముందు ముగ్గులు వేస్తారు, కొందరు పూలు కడతారు. నేను నాచారం గల్లీల్లో హారన్ కొడుతూ తిరిగి, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మలను, తాళాల సంచులను, డోలక్‌ను ఎక్కించుకుని భజన ఎక్కడుంటే అక్కడికి చేర్చేదాన్ని. స్వామి నాకు గొంతు ఇవ్వలేదు. నేను పాడితే పక్కవాళ్లకు శ్రుతి తప్పుతుంది. కానీ ఇరుకు సందులో రివర్స్ తీసే ధైర్యం ఇచ్చాడు. పెద్దలు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో డ్రైవింగ్ లేదు గానీ, అది పాదసేవనం కిందికి వస్తుందని నాకు గట్టి నమ్మకం. క్లచ్చూ బ్రేకూ తొక్కేది పాదాలే కదా.

తెలంగాణ రాష్ట్రం వచ్చే ముందు సంవత్సరం అది. ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం రోడ్డు నడుమ తవ్వి, చుట్టూ రేకులు నిలబెట్టిన రోజులు. దసరా వెళ్లినప్పటి నుంచి వ్యానుకు ఒక జబ్బు పట్టుకుంది. పరుగెత్తినంతసేపు బాగానే ఉండేది. సిగ్నల్ దగ్గర నిలిపితే మాత్రం ఇంజను ఒకసారి రయ్యిమని లేచి, అంతలోనే నీరసించి, మళ్లీ లేచి, చివరికి గుటుక్కుమని ఆగిపోయేది. ఉప్పల్ చౌరస్తాలో వెనక వరంగల్ బస్సు హారన్ మోగిస్తుంటే, నేను చెమటలు కక్కుతూ తాళంచెవి తిప్పుతుంటే, లోపల అమ్మలక్కలు భజన ఆపకపోగా ఇంకా గట్టిగా పాడేవాళ్లు. చుట్టూ ఆటోవాళ్లు మమ్మల్ని చూసి దండం పెట్టేవాళ్లు. భక్తితోనో, దారి విడవమనో నాకు ఇప్పటికీ తెలియదు.

మండలికి పెద్ద ఒక మామ. వయసుతో పని లేకుండా అందరికీ ఆయన మామే. నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, హార్మోనియం బాగా వాయిస్తాడు. వ్యాను తాళంచెవి ఆయన పూజగదిలో మేకుకు వేలాడేది. భజన ఉన్న రోజు ఆయన దాన్ని స్వామి పాదాలకు తాకించి నా చేతిలో పెట్టేవాడు. వ్యాను మళ్లీ మళ్లీ ఆగిపోతుండటంతో ఒకరోజు ఆయన తీర్పు చెప్పేశాడు.

"తప్పు బండిది కాదు బిడ్డా, నీ కాలుది. క్లచ్చు ఇడ్సుడు నీకు ఇంక రాలే."

కార్తీక ఏకాదశికి ఘట్‌కేసర్‌లో ఒక గుడివాళ్లు మా మండలిని భజనకు పిలిచారు. ఆ ఏకాదశి నుంచి వ్యాను తన మేనల్లుడు నడుపుతాడని, నేను వెనక కూర్చుని తాళాలు వేయొచ్చని మామ ప్రకటించాడు. నాకు తాళాలు ఇవ్వడమంటే ఏమిటో మండలి మొత్తానికీ తెలుసు. ఒకసారి నేను తాళం వేస్తే డోలక్ వాయించే అక్క పాట మధ్యలో చేతులు దించేసి నా వైపు జాలిగా చూసింది. వ్యాను పోతే ఆ స్వామి దగ్గర నాకు వేరే పనే లేదు.

ఏకాదశి రేపనగా మధ్యాహ్నం వ్యాన్ని మా బావ షెడ్డుకు తీసుకువెళ్లాను. బావ అంటే మా అక్క భర్త. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో కార్లు బాగుచేస్తాడు. అంతకుముందు వేరే మెకానిక్‌లు ప్లగ్గులు మార్చారు, ఫిల్టర్ కడిగారు, ఏమీ తేలలేదు. తాళంచెవి తన బాధ్యత కాబట్టి మామ కూడా వచ్చాడు. రేపటి కోసం సామాను సర్దుతున్న అమ్మలక్కలు కొందరు, ఊరికే ఇంట్లో ఉండి చేసేదేముందని వాళ్లూ ఎక్కారు.

బావ ఇంజను స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని ఆ ఎగుడుదిగుడు శబ్దం విన్నాడు. ఇంజనుకు గాలి ఒక దారిన కొలతగా వెళ్లాలట. ఎక్కడో చిల్లి ఉంటే ఆ కొలతకు అందకుండా ఇంకొంత గాలి దొడ్డిదారిన దూరుతుందట. చిల్లి కంటికి కనబడదు కాబట్టి, గాలి వెళ్లే దారి నిండా పొగ పంపి, ఎక్కడినుంచి బయటికొస్తుందో చూడాలి. పెద్ద వర్క్‌షాపులో విదేశీ పొగ మిషన్ చూసివచ్చి, బావ తానే ఒకటి తయారుచేశాడు. మా అక్క కుక్కరుతో. మూత మీద విజిల్ తీసేసి అక్కడ రబ్బరు పైపు బిగించాడు. ఇంకో రంధ్రంలోంచి చేపల తొట్టిలో బుడగలు తెప్పించే చిన్న మోటారుతో గాలి పంపుతాడు. లోపల కాయిల్ వేడెక్కి నూనెను పొగ చేస్తుంది. ఆ కుక్కరు పోయిన రోజు నుంచి అక్క పప్పు వండినప్పుడల్లా బావను ఏదో ఒకటి అంటూనే ఉంది.

అంత చెప్పి స్విచ్ వేస్తే కాయిల్ ఠప్పుమని మాడిపోయింది. కొత్తది కోఠీ వెళ్లి తేవాలి, ఎల్లుండి రమ్మన్నాడు బావ. మామ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ జేబు వైపు చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది, ఏడుపుతోపాటు ఒక ఆలోచన కూడా వచ్చింది.

"బావా, నీకు గావాల్సింది పొగనే గదా."

వ్యాను వెనక తలుపు తీసి, రేపటి పూజకు సర్దిన సంచిలోంచి సాంబ్రాణి పొట్లం తీశాను. బావ పొట్లం వైపు, నా వైపు, కుక్కరు వైపు చూశాడు.

"దేవునికి ఏసేది బండికి ఏస్తవా మరదలా?"

"ఈ బండి ఎవ్వరిదనుకుంటున్నవ్?"

షెడ్డు పక్కన ఇస్త్రీ బండి ఉంది. ఆ అన్న దగ్గర నిప్పు కణికలు అడిగి తెచ్చాం. పెట్రోలు ఉన్న చోటికి నిప్పు రాకూడదని బావ కుక్కర్ని షెడ్డు బయట దూరంగా పెట్టి, పొడవాటి పైపు వేసి, పొగ ఒక్కటే లోపలికి వచ్చేలా చేశాడు. ఇంజను చల్లారేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత పైపును గాలి దారిలో పెట్టి, చుట్టూ సందులు గుడ్డతో మూసేశాడు. నేను కుక్కర్లో వేసిన కణికల మీద సాంబ్రాణి చల్లాను. అలవాటు కొద్దీ నోట్లో ధూపం మంత్రం వచ్చేసింది. బావ మూత బిగించి మోటారు వేశాడు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ తీరిగ్గా, సుడులు తిరుగుతూ వచ్చింది. షెడ్డంతా గర్భగుడి వాసన. ఒక పెద్దమ్మ ముందుకు వెళ్లి ఆ పొగను రెండు చేతులతో కళ్లకద్దుకుంది. ఆమె వెనక మిగతావాళ్లు వరుస కట్టారు. ఎవరో గోవిందా అన్నారు, అందరూ అందుకున్నారు. ఇస్త్రీ అన్న పెట్టె పక్కన పెట్టి వచ్చి చేతులు జోడించాడు. పక్క షెడ్డులో లేత్ మిషన్ ఆగింది. సైలెన్సర్‌కు అంత మర్యాద జరగడం నా జీవితంలో అదొక్కసారే చూశాను.

"అమ్మా, గదేం చిల్లి కాదు, గాలి బయటికి పొయ్యే తొవ్వే. జర జరుగున్రి," అని బావ బతిమాలుతున్నాడు. నవ్వాపుకోలేక అతని చేతిలో టార్చి ఊగుతోంది.

సైలెన్సర్ నోటికి గుడ్డ కుక్కి, నా సీటు ఎత్తి లోపలికి టార్చి వేశాడు. అప్పుడు కనబడింది. గాలి వెళ్లే లావుపాటి రబ్బరు పైపు అడుగు నుంచి, అగరుబత్తి కొసన లేచేంత సన్నటి పొగ, నిటారుగా. బావ చిన్న అద్దం పెట్టి చూశాడు. పైపు అడుగున గోరంత చిల్లి. చుట్టూ రబ్బరు కరిగి నల్లగా మసిబారింది. ఆ మసి పక్కన కుంకుమ, నాలుగు అక్షింతలు అంటుకుని ఉన్నాయి.

ఇంజనులో అక్షింతలు ఎలా వచ్చాయని బావ అడిగాడు. మామ దగ్గరికి వచ్చి అద్దంలోకి వంగి చూశాడు.

"దసరకు హారతి నేనే ఇచ్చిన," అన్నాడు. "అందరు బంపర్‌కిస్తరు. బంపర్‌కిస్తే ఏమొస్తది, గుండెకాయకియ్యాలె గదా అని సీటు లేపి, పళ్లెం లోపటికి దించిన."

"పెట్రోల్ పైపు బెత్తెడు దూరంల ఉంది మామా," అన్నాడు బావ మెల్లగా. "మీ సామి గట్టోడు."

అప్పుడు నాకు ఒకటి తట్టింది. మామ ఆ రోజు ధూపం వేశాడా అని అడిగాను. వేయలేదట, జనం తొందర చేస్తే సీదా హారతికే వెళ్లిపోయాడట. ఉపచారాలు పదహారు. అందులో ధూపం ముందు, దీపం తర్వాత, నైవేద్యం, ఆ పిమ్మటే హారతి. ఆ వరుస నాకు చిన్నప్పటి నుంచి కంఠస్థం. స్వామి తనకు రావలసిన ధూపం వదులుకోలేదు. ఉప్పల్ చౌరస్తాలో మమ్మల్ని అన్నిసార్లు నిలబెట్టి, బావ కాయిల్ మాడ్చి, చివరికి నా చేత్తోనే వేయించుకున్నాడు. బావ దీన్ని ఒప్పుకోడు, కాయిల్ చవక రకమంటాడు. అనుకోనివ్వండి.

బావ కొత్త పైపు వేసి, సాంబ్రాణి జిగురంతా తుడిచి, ఇంకెప్పుడూ ఈ పని చేయొద్దని నాకు చెప్పాడు. ఆ తర్వాత చాలా రోజులు షెడ్డుకు వచ్చినవాళ్లు ఇక్కడ గుడి ఎక్కడుందని అడిగేవాళ్లట. మామ మాత్రం ఇంటికి రాగానే తాళంచెవి తీసుకుని పూజగదిలో మేకుకు తగిలించాడు. రేపు నాకిస్తావా అని అడిగే ధైర్యం నాకు రాలేదు.

మర్నాడు పొద్దున అందరూ వ్యాను చుట్టూ చేరాక మామ ముందు ధూపం వేశాడు. తర్వాత దీపం, బెల్లం ముక్క నైవేద్యం. హారతి పళ్లెం బంపర్‌కు గజం దూరంలో తిప్పాడు. మేనల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. మామ తాళంచెవి స్వామి పాదాలకు తాకించి నా చేతిలో పెట్టి, మేనల్లుడి చేతిలో భజన తాళాలు పెట్టాడు. తాను హార్మోనియం ఒళ్లో పెట్టుకుని నా పక్క సీటులో కూర్చున్నాడు.

ఉప్పల్ చౌరస్తాలో ఎర్ర లైటు పడింది. నేను బ్రేకు వేశాను. వెనక పాట దానంతటదే ఆగిపోయింది. డోలక్ ఆగింది, తాళాలు ఆగాయి. వ్యాను నిండా జనం ఊపిరి బిగబట్టి నా సీటు కింది శబ్దం వింటున్నారు. ఇంజను ఒకే శ్రుతిలో, నిద్రపోయే పిల్లిలా గురగురమంటోంది. లేవలేదు, నీరసించలేదు. మామ కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పచ్చ లైటు పడింది, వెనక బస్సు హారన్ కొట్టింది, నేను ఆనందం పట్టలేక క్లచ్చు మీది కాలు ఒక్కసారిగా తీసేశాను.

వ్యాను ఒక గెంతు గెంతి ఆగిపోయింది.

మామ కళ్లు తెరవలేదు, హార్మోనియం మీది వేళ్లూ తీయలేదు.

"ఇది మాత్రం నీ కాలే బిడ్డా," అన్నాడు.