చేపల చెరువుకి మిస్డ్ కాల్

ఫోను మోగినా ఎత్తకపోవడమే మర్యాదగా చెల్లిన రోజులు కొన్ని ఉండేవి. ఒకసారి మోగించి పెట్టేస్తే బస్సెక్కానని, రెండుసార్లయితే దిగానని అర్థం. అవతలివాళ్ళు ఎత్తకుండా కట్ చేశారంటే ‘చూశాను, నేనే చేస్తాను’ అని. పొరపాటున మిస్డ్ కాల్ ఎత్తినవాణ్ణి మా ఏలూరులో మనిషిగా చూసేవారు కాదు (నేనోసారి ఎత్తితే మా పిన్ని ‘బొత్తిగా ఇంగితం లేదమ్మా వీడికి’ అని వీధంతా చెప్పుకుంది). ఆ రోజుల్లో నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం ఇంకా రాక, కనిపించిన ప్రతి యంత్రానికీ ఓ ప్రోగ్రాం రాసెయ్యాలని చేతులు దురదపెడుతూ తిరుగుతుండేవాణ్ణి.

మా మామయ్యకి ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువు ఉండేది. ముసురు పట్టినప్పుడు నీళ్ళలో గాలి చాలక చేపలు అల్లాడిపోతాయని, నీళ్ళు చిలికే ఏరియేటర్లు పెట్టించారు. మబ్బు కమ్మిందంటే చాలు, ఆయన తింటున్న అన్నం వదిలేసి, గొడుగేసుకుని, గట్టు మీద జారుకుంటూ వెళ్ళి స్విచ్చి వెయ్యాలి. వాళ్ళింట్లోనే మకాం వేసిన నేను చూడలేకపోయాను. ‘మామయ్యా, మీరు ఇంట్లో కూర్చుని మిస్డ్ కాల్ ఇవ్వండి, అవే తిరుగుతాయి. మళ్ళీ ఇస్తే ఆగుతాయి’ అన్నాను. ‘ఆటలాడకురా అబ్బాయ్! ఈసారి చేపలు పోయాయంటే నేనిక చెరువు వదిలేసుకోవాల్సిందే’ అన్నారాయన. అత్తయ్యే అడ్డుపడి ‘చెయ్యనివ్వండి, పాపం చదువుకున్నాడు కదా’ అంది.

ఓ పాత సెల్‌ఫోను, నాలుగు వైర్లు, నేను రాసిన ప్రోగ్రాం. అంతే. కాల్ రాగానే కట్ చేసి స్విచ్చి మార్చేస్తుంది, ఎవరు చేశారని అడగదు. కొత్త సిమ్మెందుకులే అని కాలేజీలో వాడి పక్కన పడేసిన నా సిమ్మే వేశాను. ఆ నంబరు ఇంకెవరికి కావాలి? మొదటిరోజు మామయ్య అరుగు మీద కూర్చుని మిస్డ్ కాల్ ఇస్తే అల్లంత దూరాన చెరువులో నీళ్ళు లేచాయి. ‘ఓర్నీ!’ అన్నారు. దారినపోయేవాళ్ళందర్నీ పిలిచి చూపించారు. నాకు కాలరు సర్దుకోవడంతోనే సరిపోయింది.

కొద్దిరోజులకే ఓ తెల్లవారుజామున ఆయన రొప్పుతూ వచ్చారు. ‘ఒరే, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయిరా! నీ మిషను ఆగిపోయింది!’ పరుగెత్తి చేత్తో స్విచ్చి వేసి గండం గట్టెక్కించాం. ముందురోజు సాయంత్రం ఆయన తిప్పిన ఏరియేటర్లు ఎవరూ ముట్టుకోకుండానే ఆగిపోయాయి. మర్నాడూ అంతే. ప్రోగ్రాంలో తప్పు వెతికాను, కనిపించలేదు. మొత్తం చెరిపి మళ్ళీ రాశాను. తడి వల్లేమోనని ఫోనుకి పాలిథిన్ కవరు చుట్టాను. అత్తయ్య దానికి నిమ్మకాయ కట్టింది (నా పద్ధతులకన్నా అదేమీ తీసిపోలేదు). మామయ్య మాత్రం మళ్ళీ గొడుగు పట్టుకుని, నాతో మాట్లాడటం మానేశారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆ ఫోన్లోనే వచ్చిన కాల్స్ చూడొచ్చు కదా అని చివరికెప్పుడో తట్టింది. చూస్తే, మామయ్య నంబరు తర్వాత రోజూ దీపాలు పెట్టే వేళకి ఇంకో నంబరు! తాడేపల్లిగూడెం ల్యాండ్‌లైను. దొంగ దొరికాడని అక్కడికక్కడే నా ఫోను నుంచి కలిపాను. మామయ్యా, అత్తయ్యా చెరోపక్కా చెవులు పెట్టారు.

‘ఉల్లిపాయల కొట్టండీ, చెప్పండి’ అంది ఓ పెద్దాయన గొంతు.

‘ఏవండీ, మీరు రోజూ మా మోటరుకి ఫోన్ చేస్తున్నారండీ.’

‘మోటరుకి ఫోనేంటి బాబూ? పాయలు కావాలా?’

‘ఇలా ఇవ్వండి నాన్నగారూ, మా కాలేజీవాళ్ళు’ అంటూ ఓ ఆడపిల్ల ఫోనందుకుంది. మా క్లాసులోని గూడెం అమ్మాయి! (చివరి ఏడాదంతా ఆ అమ్మాయి వెనక బెంచీలో కూర్చుని ఒక్క ముక్క మాట్లాడలేక, ఆఖరి రోజున ‘డౌట్లేవైనా ఉంటే మిస్డ్ కాల్ ఇవ్వండి’ అని నంబరు రాసిచ్చాను. పరీక్షలయ్యాక డౌట్లేమిటని ఆ అమ్మాయీ అడగలేదు. ఎన్నాళ్ళు చూసినా కాల్ రాకపోతే, నా మొహానికి అంతేలే అని సిమ్ము మార్చేశాను.)

‘కట్ చేస్తున్నారు కదా, తిరిగి చేస్తారని రోజూ చూస్తున్నానండీ’ అంది, గొంతు బాగా తగ్గించి.

దేవుడు ఇంతకన్నా విడమరిచి ఎవరికీ చెప్పడు. నేనేం చేశాను? ‘అది నేను కాదండీ, నా ప్రోగ్రాం!’ అని హుషారుగా మొదలుపెట్టి, కాల్ వస్తే ఏ వైరు ఏం చేస్తుందో, స్విచ్చి ఎలా మారుతుందో పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాను. ఆ అమ్మాయి ఓపిగ్గా అంతా విని ‘బాగుందండీ’ అంది. ‘ఇకమీదట ఆ నంబరుకి చెయ్యకండేం, చేపలు చచ్చిపోతాయి’ అన్నాను. ‘అలాగేనండీ’ అని పెట్టేసింది.

‘ఓరి మొద్దు సన్నాసీ! కొత్త నంబరైనా ఇచ్చావట్రా?’ అని అత్తయ్య నెత్తి బాదుకుంది. ఇవ్వలేదు. మామయ్య నంబరు తప్ప ఇంకేదీ ఒప్పుకోకుండా ప్రోగ్రాం మార్చే పనిలో అప్పటికే పడిపోయాను. అత్తయ్య పోరగా పోరగా మళ్ళీ చేస్తే పెద్దాయనే ఎత్తారు. భయమేసి, ఉల్లిపాయల ధర కనుక్కుని పెట్టేశాను.

ఆ ఏడు మామయ్యకి చేపలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ అమ్మాయిని పెదవేగిలో పామాయిల్ తోటలవాళ్ళకిచ్చారు. కొన్నాళ్ళకి వాళ్ళాయనే నన్ను వెతుక్కుంటూ వచ్చి, ‘మీ మిషను గురించి మా ఆవిడ తెగ చెప్పిందండీ, మా బోరుకీ ఒకటి పెట్టండి’ అన్నాడు. మంచివాడు. వెళ్ళి పెట్టాను. ఆ అమ్మాయి కాఫీ తెచ్చిచ్చి, ‘దీన్లో ఎవరి నంబరు పెట్టారండీ?’ అంది. ‘మీవారిదేనండీ’ అన్నాను.

ఇప్పుడు మిస్డ్ కాల్ ఇచ్చే అవసరం ఎవరికీ లేదు. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లే రాస్తున్నాను, తెలియని నంబర్లని దగ్గరికి రానివ్వనివి కూడా. నా ఫోన్లో మాత్రం వాటిని పెట్టుకోలేదు. తెలియని నంబరు కనిపిస్తే తప్పకుండా తిరిగి చేస్తాను. ‘లోను కావాలా సార్?’ అంటుంది అవతల ఎవరో అమ్మాయి. అక్కర్లేదమ్మా అంటాను. అని, భోంచేశావా అని అడిగి మరీ పెడతాను.