రెండుసార్లూ మొదటి పత్తాయే

మా అత్తగారింట్లో అన్నదమ్ములు ఇద్దరే. పెద్దాయన మా బావ, చిన్నాయన మా ఆయన. నేను ఇబ్రహీంపట్నానికి కాపురానికి వచ్చిన కొత్తలో, వాళ్లిద్దరికీ పేకాట పత్తాల మీద ఉన్న ప్రేమ పెళ్లాల మీద లేదని మా తోటికోడలు, అంటే బావ భార్య, చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు, నాకు ఒళ్లు మండింది. తర్వాత అలవాటైపోయింది. మధ్యాహ్నం తిండి కాగానే అరుగు మీద చాప పడేది, ఊళ్లోవాళ్లు నలుగురు చేరేవారు, మాకు మంచినీళ్ల చెంబులు మోసే పని తగిలేది.

పత్తాల ఆటలన్నీ ఒకటి కాదని మా ఆయనే నాకు చెప్పాడు. పదమూడు ముక్కల ఆటలో చెత్త ముక్కలు వచ్చినా, ఎదుటివాడు ఏది పారేశాడో ఏది ఎత్తుకున్నాడో గుర్తుపెట్టుకుంటే నెట్టుకురావచ్చు. ఒక ఆట పోయినా, పొద్దుగూకేసరికి తెలివైనవాడిదే పైచేయి. మూడు ముక్కలాటలో సగం అదృష్టం, సగం మొహం. చేతిలో ఏమీ లేకపోయినా దర్జాగా కూర్చోగలిగితే ఎదుటివాడు జడుసుకుని ముక్కలు కింద పెట్టేస్తాడు. లోపలా బయటా మాత్రం ఉత్త అదృష్టం. కట్టలోంచి ఒక ముక్క తీసి మధ్యలో పెడతారు. అది తొమ్మిదయితే, ఇంకో తొమ్మిది పడేదాకా ఒకటి బయటికి, ఒకటి లోపలికి వేసుకుంటూ పోవాలి. అది ఎటు పడితే అటు కోరుకున్నవాడు గెలిచినట్టు. "గదేం ఆట, మేకను కూసోబెట్టినా గెలుస్తది" అనేవాడు మా ఆయన.

పదమూడు ముక్కల్లో ఆయనను కొట్టినవాడు చుట్టుపక్కల లేడు. బావ ఓడిపోయినప్పుడల్లా నుదురు కొట్టుకుని "నా నసీబ్" అనేవాడు. మా ఆయన ఊరుకునేవాడు కాదు. "నసీబ్ లేదు, గిసీబ్ లేదన్నా. పత్తాలు ఊకనే పడయి. అంత చేతిలనే ఉంటది." ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. బావ కూడా నవ్వేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. ఏ ఆటయినా మా ఇంట్లో ముక్కలు పంచేది మా ఆయనే. బావ కుడిచేతి వేళ్లు మోట తాడులో పడి నలిగి వంకరపోయాయి. కలపబోతే ముక్కలు చాప నిండా చిందేవి. అందుకని అన్న వంతు కూడా తమ్ముడే పంచేవాడు. అది ఎవరికీ వింతగా తోచేది కాదు.

మా మామ పోయాక ఏరుపడ్డాం. మెట్టచేలు సులువుగానే పంచుకున్నారు. బాయి కింది మడి దగ్గర ఆగిపోయింది. దాన్ని చీలిస్తే ఇద్దరికీ గిట్టదు. పెద్దమనుషులు చీట్లు రాసి ఎవరైనా చిన్నపిల్ల చేత తీయిద్దామన్నారు. మా వైపు అదే రివాజు. బావ ఒప్పుకోలేదు.

"చీట్లెందుకు? ఎప్పటిసంది పత్తాలాడినోళ్లం. పత్తాలే చెప్తయి," అన్నాడు. తమ్ముడి వైపు తిరిగి, "పదమూడు ముక్కలు గాదు తమ్మీ, దాంట్ల నువ్వు నన్ను బతకనియ్యవ్. లోపల బయట ఆడుదాం. దాంట్ల తెలివితోని పని లేదు," అన్నాడు.

అందరూ నవ్వారు. మూడింట రెండు గెలిచినవాడిదే మడి అనుకున్నారు.

బావ లోపల కోరుకున్నాడు, మా ఆయనకు బయట మిగిలింది. మా ఆయన అలవాటుగా కట్ట తీసుకుని కలిపాడు. పెద్దమనుషులకు గానీ, గడపలో నిలబడ్డ మా తోటికోడళ్లిద్దరికీ గానీ ఆ పూట వేరేవాళ్ల చేత పంచిద్దామన్న ఆలోచనే రాలేదు. మధ్యలో ఇస్పేటు తొమ్మిది పడింది. బయటికి వేసిన మొదటి ముక్కే ఇంకో తొమ్మిది. అందరూ అబ్బో అన్నారు. మళ్లీ కలిపాడు. ఈసారి మధ్యలో రాజు. బయటికి వేసిన మొదటి ముక్కే ఇంకో రాజు. ఈసారి ఎవరూ అబ్బో అనలేదు.

బావ తమ్ముడి చేతులకేసే చూస్తూ ఉండిపోయాడు.

"అన్నా, నేనేం జెయ్యలే. పత్తా గట్ల పడ్డది," అన్నాడు మా ఆయన.

"పత్తాలు ఊకనే పడయని నువ్వే చెప్పినవ్ గద తమ్మీ."

"మడి నువ్వే తీస్కో. నాకద్దు."

"నీ దానం నాకద్దు," అని బావ తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

ఆ ఏడే తన చేలు కౌలుకిచ్చి, భార్య పుట్టిల్లు యాచారానికి వెళ్లిపోయాడు. బండి ఎక్కేముందు మా తోటికోడలు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది గానీ మరిది తప్పేం లేదని మాత్రం అనలేదు. ఆమె కూడా నమ్మలేదని నాకు అర్థమైంది. ఊరూ అంతే. మేకకు కూడా తగిలే అదృష్టం పదమూడు ముక్కల మొనగాడికి మాత్రం తగలకూడదట! నాకు ఇప్పటికీ కోపమే.

ఆ తర్వాత మా ఆయన ఎవరితోనూ ఆడలేదు. అరుగు మీద ఒక్కడే కూర్చుని లోపలా బయటా వేసుకునేవాడు. వరసగా రెండుసార్లు మొదటి ముక్కే మళ్లీ పడుతుందేమోనని ఆశ. ఒకసారి పడేది, రెండోసారి పడేది కాదు. "పడితే మాత్రం చూసెటోళ్లెవరు?" అని నేను కసిరితే ముక్కలు ఏరుకునేవాడు.

రజాకార్ల గొడవలు ముదిరిన ఏడు, బావ మంచాన పడ్డాడని కబురొచ్చింది. బండి కట్టుకుని యాచారం పోయాం. మనిషి సగమయ్యాడు. తమ్ముణ్ని చూడగానే, "పత్తాలు తెచ్చినవా?" అని అడిగాడు. అవి ఎప్పుడూ మా ఆయన అంగీ జేబులోనే ఉండేవి.

"నాది లోపలనే. పంచు," అన్నాడు బావ.

మా ఆయన దుప్పటి మీద పంచడం మొదలుపెట్టాడు. ఈసారి బావ కళ్ల ముందే మొదటి ముక్క ఊరికే బయట పడాలని నేను దండం పెట్టుకున్నాను. పడలేదు. ముక్కలు అటూ ఇటూ పడుతూనే ఉన్నాయి. దుప్పటి సగం నిండాక, లోపల పడింది.

బావ నవ్వాడు. "చూసినవా, గిట్ల పడ్తయి పత్తాలు. గియ్యాల మంచిగ పంచినవ్." వంకర వేళ్ల చెయ్యి తమ్ముడి తల మీద పెట్టాడు. "గప్పుడు చేసింది మనసుల వెట్టుకోకు. నేనెన్నడో మరిచిన."

ఆయన అప్పుడేం చెయ్యలేదన్న మాట నాకు నోటిదాకా వచ్చింది. మా ఆయన నాకేసి చూసి కళ్లతోనే వద్దన్నాడు. తల వంచుకుని, "అవ్ అన్నా, తప్పయింది," అన్నాడు.

ఆ వారంలోనే బావ పోయాడు. దినాలు అయ్యాక జొన్నచేల నడుమ బండిలో తిరిగి వస్తుంటే, మా ఆయన ఎడ్ల వైపే చూస్తూ, "నేనేం జెయ్యలే," అన్నాడు.

"నాకెరుకే," అన్నాను.

"నీకెరుకైతే ఏం లాభమే. అన్నకు గద తెల్వాలె."