ఈశ్వరి లెక్కపెట్టిన గ్రహణాలు

ఇంతమంది కూర్చున్నారు, ఒక్కరికైనా నోరు పెగిలిందా? ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడు, గేట్ బజార్‌లో కొట్టు ఎప్పుడు పెట్టాడు, అన్నీ అడుగుతారు. గోడ మీది ఫొటోల్లో తలపాగాల వాళ్ళందరి పేర్లూ కావాలి మీకు. కొట్లో మెట్ల మీద కూర్చుని చేట చెరిగిన ఆవిడ ఎవరని మాత్రం అడగరు. ఆవిడ ఏరి ఇచ్చిన వేరుశనగలు దోసిళ్ళతో తిన్నవాళ్ళు కూడా అడగరు. సిగ్గుండాలి. ఆవిడ పేరు ఈశ్వరి. ఫోన్లు పక్కన పెట్టి వినండి.

ఈశ్వరి వెంకటరమణమూర్తి గారి పెద్ద కూతురు. బరంపురంలో జీలకర్ర, ధనియాలు, పప్పులు టోకున అమ్మే కొట్టు ఆయనది. ఈశ్వరి పుట్టడమే పై పెదవి ముక్కు దాకా చీలి పుట్టింది. దాన్ని మనవాళ్ళు ఏమంటారు? గ్రహణమొర్రి అంటారు. మాటలోనే తీర్పు ఉంది, ఇక విచారణ ఎవరు చేస్తారు?

ఎనభయ్యో సంవత్సరం మాఘ అమావాస్య నాడు పట్టపగలు చీకటి కమ్మిన గ్రహణం పట్టింది. ఊరంతా తలుపులు బిగించుకుంది. కడుపుతో ఉన్న లక్ష్మీకుమారిని, అంటే ఈశ్వరి తల్లిని, బస్తాల గదిలో పడుకోబెట్టి కదలొద్దన్నారు. ఆ వెంటనే వచ్చిన ఉగాదికి నాలుగు రోజుల ముందు పిల్ల పుట్టింది. మూతి చూడగానే అత్తగారు తేల్చేసింది.

"కిటికీ తీసి సూసుంటావు."

"నాను తియ్యలేదత్తా."

"మరి పిల్ల మూతి అబద్దం సెప్తాదేటి?"

లక్ష్మీకుమారి ఆ ఒక్క మాటే పన్నెండేళ్ళు చెప్పింది. అత్తగారికి చెప్పింది, మొగుడికి చెప్పింది, చూడవచ్చిన ప్రతి ముత్తయిదువకీ చెప్పింది. చెప్పి చెప్పి మంచాన పడి చనిపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు పెదవి కుట్టేస్తానంటే, గ్రహణం పెట్టిన గాటుకి కత్తి తగలకూడదని నాయనమ్మే అడ్డుపడింది. తండ్రేమో తన తల్లి మాట దాటలేదు.

ఆ ఇల్లు మీరు ఎరుగుదురు. కింద కొట్టు, పైన కాపురం. పదిహేడు మెట్లు దిగితే కొట్లోకే దిగాలి, తండ్రి కూర్చునే గద్దె ముందు నుంచే బజార్లోకి అడుగు పెట్టాలి. వెనకాల దారి లేదు, పక్కవాళ్ళ గోడ. వర్తకుల ఇంట పొద్దున్నే మొదటి బేరం, అదే బోణీ, దేవుడితో సమానం. బోణీ కాకముందు తుమ్మకూడదు, లేదనే మాట అనకూడదు. మొర్రి మొహం అసలే కనపడకూడదు.

"నాన్నా, ఓపాలి కిందకొస్తాను."

"బోణీ అవ్వనీ అమ్మా."

బోణీ అయితే జనం తగ్గనీ అనేవాడు. జనం తగ్గేసరికి షట్టరు దించే వేళ అయ్యేది. ఆయన కసాయివాడేం కాదు. ఏటేటా మొదటి మామిడిపండు కోసి పైకే పంపేవాడు. పంజరంలో చిలక్కి కూడా జాంపండు పెడతారు.

పైన ఆమెకి చేట, కిటికీ. కిటికీ తీస్తే చెయ్యి చాపినంత దూరంలో ఎదుటి మేడ గోడ. మెడ తిప్పి చూస్తే జానెడు ఆకాశం. కొట్లోకి వచ్చిన సరుకంతా బుట్టలు బుట్టలుగా పైకి వచ్చేది, ఆమె రాళ్ళు ఏరేది. కందిపప్పులో కందిపప్పు రంగు రాయి ఉన్నా ఆ కంటి నుంచి తప్పించుకోలేదు. నలభై ఏళ్ళు అదే పని.

తమ్ముడు హేమచంద్ర కూతురు దివ్యశ్రీ కాలేజీలో ఫిజిక్సు చదివేది. ఓ మధ్యాహ్నం పైకి వచ్చి, మేనత్త పక్కన చతికిలబడి ఫోను చూపించింది. తెర నిండా చుక్కలు, ఆవాలు జల్లినట్టు.

"ఇది ఒక నక్షత్రం ఎలుగత్తా. పైన అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు నెల్లాళ్ళు ఒకే పక్క సూస్తాది. నక్షత్రం ముందర్నుంచి దాని గ్రహం ఎల్తే ఎలుగు రవ్వంత తగ్గుతాది. ఇదిగో, ఇక్కడ గుంట పడింది సూడు. కంప్యూటరు కొన్ని వదిలేస్తాది. అవి మనుషులు సూసి సెప్పాల. ఎవులైనా సూడొచ్చు."

"తగ్గడమంటే ఏటే?"

"గ్రహణం లాంటిదే అత్తా."

ఈశ్వరి చేట కింద పెట్టేసింది.

"గ్రహణం సూడమని నాకే సెప్తావేటి? ఇంకా ఎక్కడ సీలాల నాకు?"

మూడు రోజులు మేనకోడలితో మాట్లాడలేదు. నాలుగో రోజు తనే పిలిచింది.

"ఆ గ్రహణం పట్టిన నచ్చత్రం ఏటయ్యింది?"

"ఏటీ అవలేదు. మళ్ళీ మామూలుగా ఎలిగింది."

"మొర్రి రాలేదా?"

"రాలేదత్తా."

"అయితే తే, సూస్తాను."

అలా మొదలుపెట్టి రెండేళ్ళు చూసింది. చేట ఒక మోకాలి మీద, ఫోను ఒక మోకాలి మీద. టెలిస్కోపు తడబడి పడ్డ గుంట ఏదో, గ్రహం వెళ్తే పడ్డ గుంట ఏదో దివ్యశ్రీ కంటే ముందు చెప్పేది. ఓ రోజు ఒక గుంట దగ్గర వేలు ఆగిపోయింది.

"దివ్యా, ఇది నాకు తెలిసిన రాయే. పోయిన కార్తీకంలో ఏరాను."

ఆ పిల్ల నవ్వింది. నవ్వి, వెతికింది. ఏడాది కిందట టెలిస్కోపు అటుపక్క తిరిగినప్పుడు అదే నక్షత్రానికి అదే వెడల్పు గుంట. ఒక్కసారే పడిందని అప్పట్లో కంప్యూటరు వదిలేసింది, ఈమె గుర్తు పెట్టి ఉంచింది. దేశాల అవతల ఉన్న పరిశోధకులు పెద్ద టెలిస్కోపులతో మరికొన్ని నెలలు చూసి, అక్కడ ఒక గ్రహం ఉందని తేల్చారు. తమ వ్యాసంలో ఈమె పేరు వేస్తాం, ఎలా వెయ్యాలో చెప్పమని రాశారు.

"లక్ష్మీకుమారి కూతురు ఈశ్వరి అని రాయి" అంది.

ఇక ఆ గుంటల పని ఆమెకి కొత్త అలవాటు ఒకటి నేర్పింది. ఈ గ్రహణానికీ ఆ గ్రహణానికీ మధ్య ఎన్ని రోజులని వేళ్ళు మడిచేది. ఓసారి మడుస్తూ మడుస్తూ అడిగింది.

"పొట్టలో బిడ్డకి పెదాలు ఏ నెల్లో కడతాయే?"

దివ్యశ్రీ ఫోనులో చూసి చెప్పింది. "రెండో నెల్లో మొదలవుతాయత్తా. మూడో నెల దాటేసరికి అయిపోతాది."

మాఘ అమావాస్య నుంచి తను పుట్టిన రోజు దాకా లెక్కపెట్టింది ఈశ్వరి. నెల రోజులు కూడా లేవు. మళ్ళీ లెక్కపెట్టింది.

"అయితే గ్రహణం నాటికి నా మూతి ఎప్పుడో సీలిపోయుంది" అంది. మడిచిన వేళ్ళు విప్పుతూ, "మాయమ్మ పన్నెండేళ్ళు ఏడిసింది గదే" అంది.

దివ్యశ్రీ కాలేజీ వాళ్ళు ఈ సంగతి విని, శుక్రవారం పదకొండు గంటలకి వచ్చి నాలుగు మాటలు చెప్పమని ఈశ్వరిని పిలిచారు. ఆమెకి అప్పుడు నలభై నాలుగేళ్ళు. పట్టపగలు, కొట్టు తెరిచి ఉండగా ఆ ఇంట్లోంచి ఎప్పుడూ బయటికి వెళ్ళలేదు. ఈసారి వెళ్తానంది. ఇప్పుడైనా మూతి కుట్టించుకో, ముందు ఆస్పత్రికి ఎల్దామని దివ్యశ్రీ అంటే, "మూతి కుడితే మెట్లు తగ్గుతాయేటే?" అంది.

శుక్రవారం తల్లి పట్టుచీర కట్టుకుని పదిన్నర కాకముందే దిగింది. బయట ఆటో, ఆటోలో దివ్యశ్రీ. కొట్లో గిరిసోల నుంచి వచ్చిన దానమ్మ జీలకర్ర నలిపి వాసన చూస్తోంది. తండ్రి గద్దె మీంచి తిరగకుండానే అన్నాడు.

"బోణీ అవ్వనీ అమ్మా."

కింది నుంచి మూడో మెట్టు మీద కూర్చుంది. దానమ్మ జీలకర్ర బాగులేదంది, సోంపు చూపించమంది, చివరికి జీలకర్రే తూయించుకుంది.

"అయిపోయింది కదా నాన్నా. ఎల్లనా?"

ఆయన గడియారం చూశాడు. "రాహుకాలం ఒచ్చేసింది. పన్నెండు దాటనీ."

ఈశ్వరి నవ్వింది. ఆ కొట్లో ఆమె నవ్వు ఎవరూ వినలేదు అప్పటిదాకా.

"రాహువు నన్నేటి సేస్తాడు నాన్నా? గ్రహణం పట్టిన నాటికి నాను నిండు నెలల బిడ్డని. పెదాలు మూడో నెల్లోనే కట్టేస్తాయి. అమ్మ కిటికీ తీసిందో లేదో నాకు తెల్దు. తీసినా నా మూతి దానివల్ల సీల్లేదు."

తండ్రి చేతిలోని తక్కెడ కింద పెట్టాడు. "అందరి ముందరా ఎందుకమ్మా" అన్నాడు.

"అందరి ముందరే కదా అమ్మని అన్నారు."

దానమ్మ సంచి మూతి కట్టుకుంటూ, "మా మనవడికీ ఇలగే ఉంటే ఆస్పత్రిలో కుట్టేసినారు బాబూ. ఇప్పుడు ఈలలేస్తన్నాడు ఎదవ. గ్రహణమేటి, గాడిద గుడ్డేటి" అంది.

ఆయన గద్దె దిగి పక్కకి జరిగాడు. దారి వదిలాడు. దివ్యశ్రీ ఆటో దిగి వచ్చి చెయ్యి చాపింది. "రా అత్తా."

ఈశ్వరి బజారు కేసి చూసింది. ఎండ, బళ్ళు, వెనక్కి తిరిగి చూసే మొహాలు. లేవబోయింది. ఇంకా రెండు మెట్లు. ఇప్పుడు ఆపేవాళ్ళు ఎవరూ లేరు, కాళ్ళే రాలేదు. గట్టిగా గోడ పట్టుకుంది. చీర కుచ్చిళ్ళు తడుముకుని మళ్ళీ కూర్చుంది.

"నువ్వెల్లి సెప్పే. నాను ఇక్కడుంటాను."

మర్నాటి నుంచి షట్టరు తియ్యగానే చేట పట్టుకుని దిగి, ఆ మూడో మెట్టు మీదే కూర్చునేది. బోణీకి ముందే. తండ్రి ఆ మాట మళ్ళీ అనలేదు. వచ్చినవాళ్ళకి దోసెడు వేరుశనగలు ఏరి ఇచ్చేది, ఎవరూ లేనప్పుడు ఫోనులో గుంటలు చూసుకునేది. ఆ కింది రెండు మెట్లూ మాత్రం దిగలేదు.

పోయిన వానల్లో ఊపిరితిత్తులకి చలి పట్టి, ఆరు రోజులు జ్వరంతో ఉండి కన్నుమూసింది. పొద్దున్నే షట్టరు తీసి, ఇంకా బోణీ కాకుండానే, కొట్లోంచే బయటికి తీసుకెళ్ళారు. తండ్రి గద్దె దగ్గర నిలబడ్డాడు.

ఈశ్వరికి నలభై అయిదేళ్ళు.